కింది గదిలో మంచం

కుట్టుమిషను దగ్గర కోడలు, గుమ్మంలో అత్త.

“దాచడం కాదత్తయ్యా. అది పాఠాల పుస్తకం. టర్కీ భాష.”

“పాఠాల పుస్తకానికి బియ్యం డబ్బా వెనక ఏం పనమ్మా?”

“వంట చేస్తూ చదువుకుంటాను.”

“వంట చేసేది నేను.”

“ఆదివారాలు నేనేగా.”

“సరే, ఆదివారమే అనుకో. ‘ఎవ్’ అంటే ఇల్లట. ‘ఓడా’ అంటే గదట. మనకేమో ఓడెక్కితే వెళ్ళిపోయినట్టే. కింద తెలుగులో నువ్వే రాసుకున్నావు. బడి మొహం చూడకపోయినా నాకు చదవడం వచ్చు, మర్చిపోయావేమో.”

“దుకాణానికి ఆ భాషవాళ్ళు వస్తున్నారు. పరదాలు కొలిచేటప్పుడు నాలుగు ముక్కలు మాట్లాడాలి కదా.”

“పరదాకి కిటికీ చాలు. ఇల్లంతా ఎందుకు?”

“మొదటి పాఠమే అది. ఇంటి గురించి చెప్పాలి. ఎన్ని గదులు, ఏ గదిలో ఏముంది…”

“‘ఇంట్లో మూడు గదులున్నాయి.’ మనకున్నది గదిన్నర. ‘కింది గదిలో మంచం ఉంది.’ మనకి కిందా పైనా ఎక్కడున్నాయి? ‘కిటికీ పక్కన కుర్చీ ఉంది.’ ఎవరిల్లమ్మా ఇది?”

“ఊరికే రాశాను.”

“ఊరికే రాసేదానివైతే ఏడంతస్తుల మేడ కట్టుకునేదానివి. కింది గదికి మెట్లెక్కక్కర్లేదని కూడా రాశావు. చూసొచ్చినవాళ్ళే అలా రాస్తారు.”

“అన్నం తిన్నారా?”

“మాట తిప్పకు. మావాడు చనిపోయి ఆరేళ్ళు. ఇంకో ఇల్లు చూసుకుంటే తప్పని నేననను. అనను. చెప్పకుండా పోవద్దంటున్నాను. మీ మావయ్య అలాగే పోయారు, ఇప్పుడే వస్తానని. నా చెల్లెలూ అంతే.”

“కూర్చోండి అత్తయ్యా.”

“నిలబడే వింటాను.”

“మా దుకాణంలో పరదాల కడ్డీలు బిగించే ఆయన… ఆ భాషవాళ్ళే, మన భాష కాస్త వచ్చు. వాళ్ళమ్మకి ముక్క రాదు. ఆవిడతో నా నోటితో నేనే చెప్పాలని నేర్చుకున్నాను.”

“ఏం చెప్పాలని?”

“కింది గది మా అత్తయ్యదని. మెట్లెక్కలేరని, కిటికీ పక్కన కూర్చుని చదువుకుంటారని. మీరు రాకపోతే నేనూ రానని. మొన్న చెప్పాను. ఆవిడ కాదంటే మీ మనసు నొచ్చుకుంటుందని మీ దగ్గర దాచాను. ఆలోచించి చెబుతానంది. ఏంటత్తయ్యా, అలా చూస్తున్నారు?”

“అతను పొడుగ్గా, కొంచెం వంగి నడుస్తాడా?”

“మీకెలా తెలుసు?”

“పొద్దున నువ్వు దుకాణానికి వెళ్ళాక వచ్చాడు, ఒక పెద్దావిడని వెంటబెట్టుకుని. ఆవిడ చేతిలో పూలున్నాయి. నీ పుస్తకంలో ఇల్లు ఇంకెవరిదో అనుకుని, వాళ్ళు నోరు విప్పకముందే, నా కోడలు ఇంకొకరికి మాటిచ్చేసిందని చెప్పి తలుపేసేశానే తల్లీ.”