టేపు ఒక్కటే ఉండాలన్న నిఘంటువుగారు

ముప్పై ఒక్క ఏళ్ల కిందట, జూన్ పదో తేదీ ఉదయం, నేడు పదవీ విరమణ చేస్తున్న మన నిఘంటువుగారు చొక్కాకు ఇస్త్రీ చేసుకుంటున్నారు. ఎడమచేతి మడత కుదరలేదని నీళ్లు చిలకరించి మళ్లీ మొదలుపెట్టడంతో, ఉద్యోగంలో చేరాల్సిన రోజే అరగంట ఆలస్యమైంది. ఆయన ఆలస్యంగా వచ్చింది ఆ ఒక్కరోజే.

కొత్త మందులను పరీక్షించే ఆసుపత్రుల నుంచి వచ్చే కాగితాలను సరిచూడడం ఆయన తొలి బాధ్యత. ఒక ఆసుపత్రి మగవారికి ఒకటి, ఆడవారికి రెండు అని అంకె వేస్తే, మరొకటి తిరగేసి వేసేది. రెండూ కలిపిన నివేదికలో పద్నాలుగు మంది మగవారు గర్భవతులని తేలింది. గదంతా నవ్వింది, ఆయన మాత్రం ఏ ప్రశ్నకు ఏ జవాబులుండాలో, ఏ జవాబుకు ఏమర్థమో తేల్చే ఉమ్మడి పట్టిక రాయడానికి కూర్చున్నారు. నేటి మన సాఫ్ట్‌వేర్‌కు వెన్నెముక ఆ పట్టికే. ఆయనకు ‘నిఘంటువుగారు’ అన్న పేరు తెచ్చిందీ అదే.

కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చాక, ప్రతి మందుల కంపెనీ తన అధ్యయనానికి తగినట్లు ఫారాలు మార్చమనేది. ఆయన కాదనేవారు కారు. “చొక్కా ఎవరి కొలతకు వాళ్లు కుట్టించుకోండి. టేపు మాత్రం అందరికీ ఒకటే ఉండాలి,” అనేవారు.

మూడేళ్ల కిందట, కొత్తగా చేరిన ఒక అమ్మాయి గుండె మందు అధ్యయనానికి ఫారం తయారుచేసింది. ఈసీజీ ప్రశ్నకు ఉన్న ‘బాగుంది’, ‘తేడా ఉంది’, ‘పరీక్ష చేయలేదు’ అన్న మూడు జవాబుల్లో, ఫారం పొడుగైందన్న కంపెనీ మాట విని, చివరిది తీసేసింది. ఆదివారం ఆయన భోజనం చేస్తుండగా ఒక నర్సు ఫోన్ చేసింది. ఈసీజీ మిషన్ పాడై పదిరోజులైందని, ఏదో ఒకటి నొక్కనిదే తెర కదలడం లేదని చెప్పింది.

“మరి ఇన్నాళ్లూ ఏం నొక్కారమ్మా?”

“బాగుందనే సార్. పంతొమ్మిది మందికి.”

ఆయన చేయి కడుక్కొని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. ఆఫీసుకు పిలిపించిన ఆ అమ్మాయి, ఉద్యోగం ఊడినట్టేనని ఏడుస్తూ వచ్చింది.

“ఏడుపుకు రేపు తీరిక ఉంటుందిలే తల్లీ. ముందు ఆ పంతొమ్మిది మందికీ పరీక్ష చేయిద్దాం రా.”

చేయిస్తే ఇద్దరి గుండె లయ తప్పి ఉంది. వెంటనే మందు ఆపారు, ఇద్దరూ కోలుకున్నారు. తప్పెవరిదని పైఅధికారి నిలదీస్తే, “ఆ ఫారం చూడకుండా సంతకం పెట్టింది నేనండీ,” అన్నారు. నివేదికలోనూ అదే రాశారు. తీసేసిన జవాబును ఆ అమ్మాయి చేతనే తిరిగి పెట్టించారు. రేపటి నుంచి ఆ పట్టిక బాధ్యత ఆమెదే.

ముప్పై ఏళ్లు ఇస్త్రీ పెట్టె దగ్గరా, అన్నం కంచం దగ్గరా ఆయన కోసం ఎదురుచూసిన ఇల్లాలు ఈమధ్య నవ్వుతూ అన్నారు: “ఈయన నోరు విప్పకుండా చెప్పులేసుకున్నారంటే, ఎక్కడో ఎవరో చేయని పరీక్షకు బాగుందని రాసేశారన్నమాటే.”

ఆ దంపతులు నిండు నూరేళ్లూ ఆరోగ్యంగా ఉండాలని, వారి పరీక్షలన్నీ నిజంగానే చేయించుకుని నిజంగానే ‘బాగుంది’ అనిపించుకోవాలని మన విభాగమంతా కోరుకుంటోంది. ఇకమీదట ఆయన భోజనం పూర్తిచేసి, తీరిగ్గా చెప్పులు వేసుకుని, సాయంత్రపు నడక కోసం మాత్రమే, ఒక్క మాటైనా చెప్పకుండా ఇల్లు దాటాలని కూడా.