మలుపులో గరగర

అన్యాయం ఎవరికి జరిగింది? ఉన్నమాట అన్న ఒక పనివాడికి. ఎలా జరిగింది? బండ్ల యజమానులందరి ఎదుట మేస్త్రీ అతని చెంప పగలగొట్టాడు. ఏళ్లు గడిచి, సొంత షెడ్డు మూతపడ్డాక, ఆ మేస్త్రీయే తన పాత కారును ఆ పనివాడి షెడ్డుకు తోలుకువచ్చాడు.

“పక్కకు తిప్పితే ముందుచక్రం గరగరమంటోందిరా. బేరింగు పోయినట్టుంది.”

“తిన్నగా పోతున్నప్పుడూ అంటోందా, మేస్త్రీగారూ?”

“లేదు, మలుపులోనే.”

“బేరింగైతే తిన్నగా పోయినా మూలుగుతుంది. ఇది ఇరుసును చక్రానికి కలిపే జాయింటు. రబ్బరు తొడుగు చినిగి, గ్రీజు కారిపోయి, ఇసుక దూరి ఉంటుంది. ఆ రోజూ ఇదే చెప్పాను.”

“ఏ రోజు?”

“మరిచిపోవడం మీ చేతికి తేలిక. నా చెంపకు కాదు. మీ మాట మీద ఆ గిరాకీ బండికి బేరింగే మార్చాం. బండి అదే గరగరతో తిరిగొస్తే, తప్పు నా నెత్తిన రుద్ది గెంటేశారు.”

“ఆ పురాణం ఇప్పుడెందుకురా? రేపటినుంచి ఈ బండిని కిరాయికి తిప్పితేనే నాకు కూడు.”

“జాయింటు వేస్తాను. ముందు తమ బండ్ల కోసం ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లకు తప్పెవరిదో చెప్పండి.”

“ఈ వయసులో నా పరువు తీస్తావా?”

“నా పరువు తీసేటప్పుడు నా వయసు అడిగారా?”

మేస్త్రీ బెంచీ వైపు తిరిగాడు.

“వీడు చెప్పిందే నిజం. తప్పు నాది. దెబ్బ వీడు తిన్నాడు.”

“మళ్లీ చెప్పండి.”

“వినపడలేదా?”

“ఆ వైపు చెవి మీ దెబ్బతోనే పోయింది. ఇటు రండి.”

మేస్త్రీ అతని రెండో వైపుకు వచ్చి, అందరూ వినేలా, మొదటినుంచీ చెప్పాడు.

“ఇక మీరు నాకేమీ బాకీ లేరు. తాళాలు ఇవ్వండి.”