మాయం కాని పేజీ

2003. అమీర్‌పేటలో వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసు. పంజాగుట్టలో, ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళకు అండగా నిలిచే సంస్థ నుంచి యూనిస్ వచ్చింది. ఆ సంస్థ సైటు చేసింది నోయెల్.

“‘దాచు’ బటన్ నొక్కితే మన పేజీ పోయి వంటల పేజీ రావాలి కదా, నోయెల్?”

“వస్తదక్కా. మొగుడు గదిలకొస్తే టక్కున మార్చుకోనీకే కదా పెట్టినం.”

“రాలేదు. హరిణి అని ఒకమ్మాయి. నొక్కిందట, మళ్ళీ మళ్ళీ నొక్కిందట. వెనకాలే వాళ్ళాయన నిలబడి చూస్తున్నాడు.”

“అయ్యో! కొట్టిండా?”

“అది వదిలెయ్. ఎందుకు రాలేదో చెప్పు.”

“జర ఆగు... ఆ బటన్ పనిచెయ్యాలంటే బ్రౌజర్‌ల స్క్రిప్టు, అంటే పేజీ ఎన్క నడిచే చిన్న ప్రోగ్రాము, ఆన్ ఉండాలక్కా. ఆఫ్ చేస్తే బటన్ కనిపిస్తది గానీ, నొక్కినా ఏం కాదు.”

“ఆఫ్ ఉందో లేదో నీకు తెలుస్తుందా?”

“తెలుస్తది. పేజీ తెరవంగనే స్క్రిప్టు మా సర్వర్‌కు చిన్న కబురు పంపుతది. పేజీ తెరిచినా కబురు రాలేదంటే ఆఫ్ ఉన్నట్టే. ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో గుర్తు పెట్టినం. ఆమె ఎప్పుడు చూసింది?”

“నిన్న సాయంత్రం. శ్రీనగర్ కాలనీలో వాళ్ళింటి నుంచి.”

“అయితే ఇదే, నిన్న సాయంత్రం తెరిచింది ఇదొక్కటే. పోయిన వారమంతా కబురు వచ్చింది. నిన్న రాలే.”

“అంటే?”

“నడుమల ఎవరో ఆఫ్ చేసిన్రు. ఆమెకు కంప్యూటర్ మంచిగ తెలుసా?”

“మెయిల్ చూసుకోవడం తప్ప ఏమీ రాదు. ఆయన... ఆయన ఇక్కడే, అమీర్‌పేటలో కంప్యూటర్ క్లాసులు చెప్తాడు.”

“యేసయ్యా! కావాలనే చేసిండక్కా. బటన్ సంగతి ముందే కనిపెట్టిండు.”

“నొక్కితే చాలమ్మా, భయపడకు అన్నాను, నోయెల్. నేనే అన్నాను.”

“ఇప్పుడెక్కడున్నదామె?”

“అది ఎవరికీ చెప్పకూడదు.”

“నాకు సుత?”

“నీక్కూడా. ముందు హెచ్చరిక పెట్టు. స్క్రిప్టు ఆఫ్ ఉన్నవాళ్ళకి ఎర్రటి అక్షరాల్లో పడాలి, ‘ఈ బటన్ పనిచెయ్యదు, వెంటనే మూసెయ్యండి’ అని.”

“పెడ్తున్న, పెడ్తున్న... అక్కా, ఫికర్ చెయ్యకు. ఆమె ఇంట్ల మంచిగనే ఉన్నట్టుంది. గదే కంప్యూటర్. ఇప్పుడే మళ్ళా మన సైటు తెరిచింది.”

“ఏం... ఏం చూస్తోంది?”

“మీ ఆఫీసుకు దారి చూపే మ్యాపు. మీ దగ్గరికే బయల్దేరుతుంది కావచ్చు పాపం... అక్కా? ఎందుకట్ల లేచినవ్?”

“ఫోనివ్వు, నోయెల్, ఫోనివ్వు! హరిణి పొద్దుట్నుంచీ మా ఆఫీసులోనే ఉంది.”