మనిషికన్నా ముందు పోయిన మూట

కొండప్ప అని ఒకాయప్ప, గానుగాడించేవాడంట. ఆయప్ప పెండ్లాము సుంకులమ్మ. పిల్లల్లేరు. ఒక ఎద్దు, ఒక గానుగ, ఇద్దరు మనుషులు, అంతే సంసారం. గానుగంటే తెలుసు కదా మీకు? తెలీదా? బాగుంది, నూనె ప్యాకెట్లోనే పుడుతుందనుకుంటాండారు. పెద్ద రోలు, దాంట్లో రోకలి, రోకలికి కాడి, కాడికి ఎద్దు. ఎద్దుకు కండ్లకు గంతలు కడతారు, తల తిరక్కుండా. అది సుట్టూ తిరుగుతాంటే నూనె దిగుతాది. ఎద్దు ఎనకాల ఆయప్ప కొంచేపు, ఈయమ్మ కొంచేపు, పొద్దంతా తిరిగేదే. ఒకనాడు సుంకులమ్మ అనిందంట, ఏమయ్యా, పెండ్లయి ఇరవై ఏండ్లాయ, మనం నడిచిన నడకంతా సాపు చేసి పరిస్తే కాశీకి ఆరుసార్లు పోయి రావచ్చు, పొద్దున యాడున్నామో సందకాడా ఆడే ఉంటిమే అని. ఆయప్ప నవ్వినాడంట. నవ్వక ఏం చేస్తాడు, నిజమే కదా. ఓ కథలు రాసుకునే నాయనా, నీదే ఊరంటివి? సముద్రం పక్కనా? సరేలే, రాసుకో. అమ్మీ, మీరు చెనిక్కాయలు ఒలుస్తా వినండి. కథ వినేది చెవులు, చేతులెందుకు ఆపుతారు?

ఏమైందంటే, ఆ ఊరికి ఎండాకాలంలో ఒకామె గాడిదల మీద ఉప్పేసుకోని వస్తాండె. ఉప్పు పోలేరక్క అనేవాళ్ళు. తూర్పున కొండలు దాటి, ఇంకో రాజు ఏలే దేశం నుంచి వచ్చేది. ఉప్పు కొలిచి, నూనె పోయించుకోని పోయేది. గాడిదలు నీళ్ళు తాగేంతసేపు కూచోని వాళ్ళ దేశం ముచ్చట్లు చెప్పేదంట. మా దేశంలో ఏనుగుల రేవని ఉంది సుంకులమ్మా, ఆడ ఇసకలో రాతి మంటపాలున్నాయి, ఎప్పటి రాజు కట్టించినాడో చెప్పేవాళ్ళు లేరు, ఏడు రాతి ఏనుగులు సముద్రం దిక్కు మొగం పెట్టి నిలబడుంటాయి అని. సుంకులమ్మ చేతిలో పని చేతిలోనే ఆగిపోయేదంట. సముద్రమంటే ఎంతుంటాదక్కా, మా చెరువంత ఉంటాదా అనడిగింది. పోలేరక్క ఏమనిందంటే, మీ చెరువుకు అవతలి గట్టు కనపడుతుంది కదా, దానికి అవతలి గట్టే లేదు పో అనింది. ఆమె పోయినాక చూస్తే ఉప్పు అడుగున అంతా ఇసక. ఊర్లో ఆడోళ్ళందరూ, ఇసక కలిపి అమ్మిపోయింది చూడు ముండ అని తిట్టుకుంటాంటే, సుంకులమ్మ మాత్రం ఆ ఇసక ఏరి, కడిగి, ఆరబెట్టి, చిన్న మట్టి గురిగిలో పోసుకోని దాచిపెట్టుకుందంట. సముద్రం ఇసక కదా అని. ఎట్లాంటి మనిషో చూడండి!

ఇంక ఆనాటి నుంచి రోజూ అదే మాట. సందకాడ ఎద్దు గంతలు విప్పి, కుడితి పెట్టి, ఇద్దరూ అరుగు మీద కూచునేవాళ్ళంట. నూనె తీసినాక మిగుల్తాదే చెక్క, ఆ చెక్క ముక్కలు కొండప్ప నేల మీద వరసగా పెట్టేవాడు. ఇది మన ఊరు, ఇది కొండ, ఇది ఏరు, ఇది ఏనుగుల రేవు. ఈడ మొదటి దినం నిద్ర, ఈడ సద్ది తినేది, ఈడ ఏరు దాటేది. ఎన్ని సజ్జరొట్టెలు, ఎంత చింతపండు కారెం, ఎద్దును ఎవరింట్లో కట్టేసి పోవాల, అన్నీ లెక్కే. ఊర్లోవాళ్ళకు నవ్వులాట. తీర్థం కాదు, మొక్కు కాదు, పెండ్లి కాదు, ఊరికే చూసొచ్చేదానికి పోతారా ఎవరన్నా అని. మీరిప్పుడు సెలవులొస్తే బస్సెక్కి పోతాండారు కానీ అప్పుట్లో అది పిచ్చి కింద లెక్క. ఒకసారి ఇద్దరూ కొట్లాడుకున్నారు కూడా. ముందు ఏనుగుల్ని చూద్దామని ఆయప్ప, ముందు సముద్రం చూద్దామని ఈయమ్మ. మూడు దినాలు మాటల్లేవు. అరుగు కూడా దిగని మనుషులు, ఆడికి పోయినాక యాడికి పోవాలని కొట్లాట! కొండప్పకు పోవాలని లేక కాదు. చానా ఉంది. ఆయప్పకు భయం. ఇల్లు దాటితే ఏమైతాదో అని భయం. చెక్క ముక్కల మీద ఎంత దూరమన్నా పోతాడు, గడప దాటేదే కష్టం.

అట్ల ఎన్నేండ్లు పోయినాయో. ఒక ఎండాకాలం సుంకులమ్మకు సూదిలో దారం ఎక్కలేదంట. రొండో నెలకు నువ్వుల్లో రాళ్ళు కనపడలేదు. మందులిచ్చే ఆయప్ప రెప్పలు పైకెత్తి చూసి, పొర కమ్ముకుంటాంది తల్లీ, ఏడాదికి మించి చూపు నిలబడదు, చూసుకునేటివేమన్నా ఉంటే చూసుకో అన్నాడు. సుంకులమ్మ ఇంటికొచ్చి గమ్మున ఎద్దు ఎనకాల తిరగబట్టింది. తిరిగి తిరిగి, కొండప్పతో అనిందంట, ఏమయ్యా, ఈ ఎద్దుకు సందకాడ గంతలు విప్పుతాము కదా, నాకు కడితే విప్పేవాళ్ళు లేరంట అని. ఆయప్ప ఎద్దుకు ఆ పక్కకు పోయి, దాని వీపు మీద మొగం పెట్టుకోని ఏడ్చినాడంట. పెండ్లాం కంట పడకూడదని. ఆమెకు కనపడకపోయినా వినపడదా ఏంది?

అప్పుడు తేల్చుకున్నాడు, పోవల్సిందే అని. పంచాంగం చూసే అయ్యోరి దగ్గరికి పోయి మంచి దినం పెట్టించినాడు, బుధవారం పొద్దున. బుధవారం రానే వచ్చింది. చూస్తే ఊరి జాతర దీపాలకని ఒప్పుకున్న నూనె ఇంకా రోట్లోనే ఉంది. మంచి గడియ పోతే మల్లా దొరకదే, ఎట్ల? దానికొక ఉపాయం ఉంది మనోళ్ళకు, పస్తానం పెట్టేది అంటారు. మనం పోలేకపోతే మన పయనం మూట పోతాది. మంచి గడియలో మూట తీస్కపోయి, పోయే దిక్కున ఉండే ఇంట్లో పెడితే మనం బయల్దేరినట్టే లెక్క. ఏడు దినాల్లో మనం పోయి మూట తీసుకోని అట్లే సాగిపోవాల. ఏం జరిగినా మూట మాత్రం ఎనక్కి రాకూడదు. అట్ల కొండప్ప మూట కట్టినాడు. దాంట్లో సుంకులమ్మ పెండ్లిచీర, దువ్వెన, రొండు దుప్పట్లు, ఆ ఇసక గురిగి. తీస్కపోయి తూర్పు పక్కింట్లో పెట్టినాడు. జాగ్రత్త మనిషి కదా, చెప్పి మరీ పెట్టినాడంట, ఇది సుంకులమ్మ మూటమ్మా, ఏనుగుల రేవుకు పోవాల, ఉప్పు పోలేరక్క ఇంటికి, తడవనియ్యొద్దు అని.

ఏడో దినానికి ఎద్దు కుంటబట్టింది. అయ్యోరిని అడిగితే, ఇంకో మంచి గడియలో మూటను ఇంకొంచెం ముందుకు జరుపు అన్నాడు. ఇంకో ఇంటికి జరిపినాడు. తర్వాత వాన. ఇంకో ఇంటికి జరిపినాడు. తర్వాత ఎవరో తుమ్మినారు. ఇంకో ఇంటికి. అట్ల మూట ఊరు దాటింది. పక్కూరు పోయింది. దాని పక్కూరు పోయింది. కొండప్ప పోయి మూటను ముందుకు జరిపేది, ఇంటికి తిరిగొచ్చేది. జరిపిన ప్రతి ఇంట్లోనూ అదే పాట, ఇది సుంకులమ్మ మూట, ఏనుగుల రేవుకు పోవాల, ఉప్పు పోలేరక్క ఇంటికి, తడవనియ్యొద్దు. మూట పోతానే ఉంది, మనుషులు ఇంటికాడే ఉన్నారు. ఏడు నెలలు గడిచిపోయె. సుంకులమ్మకు ఎద్దు నొసట తెల్లమచ్చ కనపడడం మానేసింది. ఆమె ఆయప్పను ఒక్క మాట అనలేదంట. ఆయప్ప భయం ఆమెకు తెలుసు. తెలిసి ఎట్లంటాది?

ఒకనాడు కొండప్ప మూట జరిపొద్దామని నాలుగో ఊరికి పోయినాడు. ఆ ఇంటామె అంటాది, మూట యాడుందన్నా, మా తమ్ముడు తూర్పుకు బండి కట్టినాడు, ఎట్లా అటే పోవాల్సిన మూట కదా అని ఎత్తి పంపించేస్తి అనింది. మేలు చేసినాననుకునింది పాపం. మూట ముందు పోయి మనిషి పోకపోతే చానా చెడ్డ కదా! కొండప్ప పరిగెత్తుకుంటా మర్నాటికి ఇంటికొచ్చి, సుంకులా, కొంప మునిగింది, మూట పోయింది అన్నాడు. యాడికి పోయింది? తూర్పుకు పోయింది. సుంకులమ్మ కడుపు పట్టుకోని నవ్విందంట. ఏమయ్యా, నా మూటకున్నపాటి ధైర్యం మనకు లేకపాయె కదయ్యా, లే, నా పెండ్లిచీర దాంట్లోనే ఉంది అనింది. ఇంక వారం లేదు, వర్జ్యం లేదు. మంగళవారం పూట, మిట్టమధ్యాన్నం, ఎద్దును పక్కింట్లో కట్టేసి, ఉండే నాలుగు రొట్టెలు గుడ్డలో కట్టుకోని గడప దాటినారు. ఇన్నేండ్లు ఏ భయం ఆయప్పను ఇంట్లో కూచోబెట్టిందో, ఆ భయమే బయటికి తరిమింది చూడండి.

పోయినారు. పోయిన ప్రతి ఊర్లో అడిగేది, అమ్మా, సుంకులమ్మ మూట ఈడికొచ్చిందా అని. వచ్చిందమ్మా, నిన్ననే పోయింది, మా ఇంటాయన చింతపండు బండి మీద పంపిస్తిమి అనేవాళ్ళు. ఇంకో ఊర్లో, మొన్ననే పోయింది, గంగిరెద్దుల వాళ్ళు తీస్కపోయినారు. అని, మల్లా మొగం చూసి, నువ్వేనా సుంకులమ్మవి, రామ్మా రా, కూచో, నీ మూట మా ఇంట్లో రొండు దినాలుంది అని కాళ్ళకు నీళ్ళిచ్చి, సంగటి పెట్టి, సుట్టాల కింద లెక్క చూసేవాళ్ళంట. యాడ పండుకోవాల, ఏం తినాలని ఇన్నేండ్లు లెక్కలేసినారే, ఆ లెక్కలన్నీ వాళ్ళ మూట ముందే పోయి సరిచేసి పెట్టింది. ఇంకో సంగతి ఏమైందంటే, మూట పోతా పోతా పెద్దదైతాంది. ఒకామె అనిందంట, తల్లీ, నేను పుట్టి ఈ ఊరి పొలిమేర దాటలేదు, నీ మూటలో నా గాజొకటి పెట్టినా, సముద్రంలో ముంచి తెచ్చియ్యమ్మా అని. ఇంకో ఊర్లో ఒక ముసలాయప్ప, నా చేతికర్ర కట్టినాను, నేనెట్లా పోలేను, అదన్నా పోయి చూసొస్తాది అన్నాడంట. ఇంకో ఇంట్లో ఒకామె చచ్చిపోయిన బిడ్డ కాలిగజ్జె పెట్టిందంట దాంట్లో. ఆమె చేతులు పట్టుకోని సుంకులమ్మ చానాసేపు కూచుండిపోయింది.

కొండలు దిగే యాళకు సుంకులమ్మకు చూపు రవంతే మిగిలింది. దూరంగా ఉండేటివి పొగ. దగ్గరుండేటివి మసక. కొండప్ప చెయ్యి పట్టుకోని నడిపిస్తాండాడు, లోపల కుమిలిపోతాండాడు. ఏడు నెలలు మూటను జరపబోకుంటే, అప్పుడే లేచి వచ్చుంటే, అని. ఆమె అనేది, ఊరికుండయ్యా, వచ్చినాము కదా అని.

రేవు చేరినారు. మూట పోలేరక్క ఇంటి ముందర ఉంది. ఎట్లుంది? వడ్లమూటంతుంది. పోలేరక్క దానికి పందిరి కూడా వేసిందంట, తడవకుండా. ఇద్దర్నీ చూసి, వచ్చినారా నా తల్లీ, నాలుగు దినాల నుంచి మీ మూట మా ఇంట్లో కూచోని ఉంటే, మనుషులు రాకుండా యాడికి పోతారులే అని చూస్తాన్నా అని కావలించుకునింది. అప్పుడు సుంకులమ్మ కొండప్పను పిలిచి చెప్పింది, ఏమయ్యా, నాకు మసక మసకగా రవంత రవంత చూసేది వద్దు, నీ చేతుల్తో నా కండ్లు మూయ్, మంచి తావు చూసి నిలబెట్టి అప్పుడు తియ్ అనింది. ఆయప్ప ఎనక నుంచి రొండు చేతుల్తో ఆమె కండ్లు మూసి, ఇసకలో మెల్లగా నడిపించుకోని పోయినాడు. ఇన్నేండ్లు ఎద్దు ఎనకాల నడిచినాడు కదా, నడిపించేది ఆయప్పకు తెలుసు. కాళ్ళకు నీళ్ళు తగిలినాయి. ఆమె కిసుక్కుమనింది. ఇంకొంచెం పోయి నిలబెట్టి, సుంకులా, గంతలు విప్పుతాండా, చూడు అన్నాడంట. చూసింది. పొద్దు నెత్తిన కాస్తాంది. ఎదురుగా, ఆమె చెయ్యి చాపితే అందేంత దగ్గర ఏనుగులు, నల్లగా, పెద్దగా. వాటికి కడుపుదాకా నీళ్ళు. నీళ్ళకవతల గట్టు లేదు. ముందు ఏనుగులా, ముందు సముద్రమా అని మూడు దినాలు మాటలు మానుకున్నారే, రొండూ ఒక తావునే ఉన్నాయి. సుంకులమ్మ ఒక్కొక్క ఏనుగును మొగం ఆనించి చూసింది, చేత్తో తడిమి చూసింది. అల వచ్చి తెల్లగా ఇరిగితే, ఆ తెలుపు కనపడుతుందయ్యా నాకు, ఆ తెలుపు బాగా కనపడుతుంది అని ఏడ్చిందంట. ఆయప్పా ఏడ్చినాడు. ఈసారి ఎద్దు చాటుకు పోలేదు.

తర్వాత మూట విప్పినారు. గాజు, చేతికర్ర, గజ్జె, తాళంచెవి, ఎవరిదో తలపాగా, అన్నీ ఒక్కొక్కటి నీళ్ళల్లో ముంచి ఇసకలో వరసగా పెట్టింది సుంకులమ్మ. చూడండమ్మా, చూడండి, దీనికోసమే కదా వచ్చినారు అని వాటితో చెప్పిందంట. కడాకు గురిగి తీసి, పోలేరక్కా, నీ ఇసక నీకిచ్చేస్తాండా అని కుమ్మరించింది. ఏ ఇసక అని పోలేరక్క. ఉప్పులో కలిపి అమ్మితివి కదక్కా అని ఈయమ్మ. పోలేరక్క కొంగు మొగానికి కప్పుకోని నవ్వుతా ఇంట్లోకి పరిగెత్తిందంట.

తిరిగొచ్చేటప్పుడు ఎవరిది వాళ్ళకిచ్చుకుంటా వచ్చినారు. ఇల్లు చేరిన కొన్నాళ్ళకు చూపు పూర్తిగా పోయింది. పోతే పోయింది. సందకాడ మల్లా అరుగు మీద కూచునేవాళ్ళు. ఇప్పుడు చెక్క ముక్కలు ఆమె పెట్టేదంట, చేత్తో తడుముకుంటా. ఇది కొండ, ఇది గాజు పెట్టినామె ఊరు, ఇవి ఏనుగులు. కొండప్ప, ఏనుగులన్నీ ఎంత బాగుండె కదా అంటే, అన్నీ యాడ బాగుండె, మూడోదానికి తొండం ఇరిగిపోయింటే, నీకసలు కండ్లున్నాయా అని కసిరేదంట.

అయిపోయె, అంతే. రేవు యాడుందో నాకు తెలీదు, నేను చూడలే. నేను చూసిన పెద్ద నీళ్ళు మన చెరువే, అదీ వానొచ్చిన ఏడు. కాయలు ఒలిచినారా? కథ వింటా సగం తినేసినారు, పొట్టు చూస్తే తెలుస్తాది. ఓ రాసుకునే నాయనా, నువ్వు పోయేది తూర్పుకే అంటివి కదా? కారులో చోటుందా? లోపల దూలం మీద నాదొక మూటుంది, పెద్దదేం కాదు. తడిస్తే తడవనీలే, దానికోసమే కదా కట్టింది.