సీమంతం గాజులు

పంచాయతీ ఎన్నికల్లో తనకు ఎదురు నిలిచాడని చెన్నకేశవులు ఇంటిని ఊరి పెద్దాయన వెలివేయించాడు. రుద్రవరం నుంచి గాజుల మలారంతో వచ్చిన గుల్జార్‌బీని ఆ ఇంటి ముందే తలారి నరసింహులు ఆపాడు.

“యాడికి పోతాండావ్ అక్కా? ఆ గడప ఎవరూ తొక్కగూడదని పెద్దాయన మాట.”

“ఆ ఇంటి బిడ్డకు ఈ పొద్దు సీమంతమప్పా. గాజులు తొడగాల.”

“వాళ్లను బాయిలో నీళ్లు గూడా తోడుకోనియ్యడంల్యా. నీకు తెలీదా?”

“తెలుసు. అందుకే వచ్చినా.”

“రేపట్నుంచి ఈ ఊర్లో ఒక్కరూ నీ చేత గాజులు ఏయించుకోరు. ఏం తిని బతుకుతావ్?”

“ఆ పిల్లకు పెండ్లి గాజులూ నేనే తొడిగినా. కడుపుతో ఉండే బిడ్డ చేతులు బోసిగా ఉండాలని చెప్పేదానికి ఆయప్పెవరు?”

నరసింహులు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“దొడ్డివాకిట్లో పో అక్కా. నేను చూడలేదంటా.”

ఆమె మనసు ఒక్క క్షణం అటు లాగింది. ఆమె కూడులో సగం ఈ ఊరు పెట్టేదే. అయినా మలారం భుజాన సర్దుకుంది.

“నీ మనసు మంచిదేలే అప్పా. దొంగమాదిరి పోయి తొడిగితే అవి సీమంతం గాజులెట్లయితాయి? చూసినాననే చెప్పు.”

“ఆయప్ప అడిగితే ఏమనాల?”

“గుల్జార్‌బీ తలవాకిట్లోనే పోయిందని చెప్పు.”

నరసింహులు పక్కకు తప్పుకున్నాడు. “గాజులమ్మా, గాజులు!” అని వీధంతా వినబడేట్టు కేకేసి, ఆమె గడప దాటింది.