నెలకొల్పాను

మిల్వాకీ నగరంలో, పీహెచ్‌డీ విద్యార్థులకూ, అది ముగించి పరిశోధన చేసే పోస్ట్‌డాక్‌లకూ ఉద్యోగాల దారి చూపే సలహాదారుల సదస్సు. రెండో రోజు మధ్యాహ్నం, హోటల్ హాల్లో ఒక మూలబల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు అట్టపెట్టెల్లో భోజనం విప్పుకున్నారు. పెద్దావిడ వాండా, చిన్నామె నొయెల్. ఇద్దరిదీ ఒకే యూనివర్సిటీ, ఒకే ఆఫీసు గది.

“అందుకే చెప్తున్నా నొయెల్, పన్నెండేళ్లుగా ఈ సదస్సుకొస్తున్నా గానీ అలాంటి రెజ్యూమే నా చేతికి రాలేదు. పొద్దున ఆ రెజ్యూమేల పెట్టెలో చెయ్యిపెట్టి తీశానా, మొదటి పేజీకే సర్దుకుని కూర్చున్నాను.”

“ఊఁ.”

“తింటున్నావా, చిప్స్‌తో ఆడుకుంటున్నావా?”

“తింటున్నా. మీరు చెప్పండి.”

“ఏడాది పొడుగునా పిల్లల రెజ్యూమేలు దిద్దుతాం, మనవి దిద్దే దిక్కు లేదనేగా ఆ పెట్టె పెట్టారు. పేరు మీద నల్ల సిరా, యూనివర్సిటీ పేరు మీద నల్ల సిరా. ఎవరిదో తెలీకుండా దిద్దాలి. సగం చూస్తే ఏడుపొస్తుంది. ‘సాయపడ్డాను’, ‘తోడ్పడ్డాను’, ‘పాలుపంచుకున్నాను’. పిల్లల్ని రాయొద్దనే మాటలన్నీ మనమే రాసుకుంటాం.”

“నేను ఉద్యోగంలో చేరిన వారమే తిట్టారుగా నన్ను, దానికి.”

“తిట్టలేదు. సాయపడ్డాను అంటే పని ఇంకొకరిది అని అర్థం, నీ పనేదో దానికి నీ క్రియ వెతుక్కో అన్నాను.”

“తిట్టినట్టే అన్నారు.”

“మంచిదేగా. ఈవిడ చూడు, ఒక్క ‘సాయపడ్డాను’ లేదు. ఎవరి దగ్గర నేర్చుకుందో గానీ.”

“ఏమనుకోకండి మేడమ్, పక్క బల్ల నుంచి వచ్చాను, ఈ కుర్చీ ఖాళీయేనా? మా బల్లకి ఒకటి తక్కువైంది.”

“తీసుకెళ్లు నాయనా. అబ్బో, ఆ బ్యాడ్జికి రిబ్బన్లు బొడ్డు దాకా వేలాడుతున్నాయే.”

“ఏడో సదస్సండీ, ఏడాదికొకటి. థ్యాంక్స్.”

“చూశావా నొయెల్, ఏడేళ్లకే అంత సంబరం. నాకు పన్నెండు రిబ్బన్లు అతికిస్తే కాళ్లకి అడ్డం పడి చస్తాను.”

“వాండా, డీన్‌ మళ్లీ ఏమైనా అన్నారా?”

“హాల్వర్సనా? ఏమంటాడు. మొన్న చెప్పిందే. జులై నుంచి మన ఆఫీసుని ఇంకోదాంతో కలిపేస్తారు, మనిద్దరి ఉద్యోగాలు పోయి ఒక్కటి మిగులుతుంది. కంగారుపడకు వాండా, సదస్సు నుంచి రా, కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు.”

“దరఖాస్తు పెట్టలేదా మీరు? ఇవాళ ఐదింటికే గడువు.”

“నేను పుట్టించిన ఆఫీసుకి నేనే దరఖాస్తు పెట్టుకోవాలా? ఆ ముక్క ఆయనకి తెలీదూ? నీ సంగతి కూడా అడుగుతాలే. లైబ్రరీలో ఏదో ఖాళీ ఉందంటున్నారు. నాకైతే ఈ ఉద్యోగం తప్పదు. మా ఆయన జెర్రీ డయాలిసిస్ అంతా నా ఉద్యోగం ఇచ్చే బీమా మీదే నడుస్తోంది. ఇంకో మూడేళ్లు ఎలాగోలా లాగాలి. లేకపోతే సంతోషంగా నీకే ఇచ్చేదాన్ని.”

“నిజంగానా?”

“ఏం, నీకు కాక ఎవరికిస్తాను? ఆ బిస్కెట్ తినవా? ఇటివ్వు అయితే. ఏం చెప్తున్నాను... ఆ, ఆ రెజ్యూమే. నాకు నవ్వెక్కడ వచ్చిందంటే, ఆవిడా గురువారాలు సూప్ పెడుతోంది.”

“సూపా?”

“అచ్చం మనలాగే. నలభై మంది పరిశోధకులు ల్యాబ్‌లు వదిలి ఒక్క బల్ల దగ్గరికి వస్తారట. మూడేళ్ల కిందట ఈ సదస్సులోనే నేను చెప్పాను కదా, ఎవరో పట్టుకెళ్లి వాళ్ల ఊళ్లో పెట్టుకున్నారు. గర్వంగా అనిపించింది, అబద్ధమెందుకు. ఆకుపచ్చ పెన్సిల్‌తో ఆ వాక్యం పక్కన పెద్ద టిక్కు కొట్టాను.”

“కాఫీ తేనా మీకు?”

“కూర్చో. చివరన రాశాను, ‘ఇందులో ప్రతి ముక్కా నమ్ముతున్నాను. నా కుర్చీ ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే ఈమెకే ఇస్తాను’ అని. కింద పూర్తి పేరు, సంతకం పెట్టి మళ్లీ పెట్టెలో వేశాను. దిద్దినవాళ్లు దాక్కోకూడదు. ఆవిడ వచ్చి పలకరిస్తుందేమోనని పొద్దుట్నుంచీ చూస్తున్నా, రాలేదు. మొహమాటం కాబోలు. ఆ వాక్యం ఎంత బావుందనుకున్నావు, ‘గురువారం బల్లను ఒంటిచేత్తో స్థాపించాను’...”

“నెలకొల్పాను.”

“ఏంటి?”

“ఏం లేదు.”

“నెలకొల్పాను అన్నావు.”

“స్థాపించాను అంటే బరువుగా ఉంటుందని... ఊరికే అన్నాను. అలవాటు కదా, క్రియలు దిద్దడం.”

“అవును. నెలకొల్పానే. నేనే తప్పు చెప్పాను. నొయెల్, ఇటు చూడు.”

“వాండా, ఇక్కడొద్దు.”

“ఆ కాగితం నీదా?”

“జనం చూస్తున్నారు.”

“చూడనీ. నీదా కాదా?”

“నాదే.”

“ఒంటిచేత్తో నెలకొల్పావా?”

“ఆరేళ్లుగా ఎవరు నడుపుతున్నారు? ప్రతి గురువారం సూప్‌కి బార్లీ నానబెట్టేదెవరు, అడుగంటిన గిన్నె తోమేదెవరు? మీరు మాటలు చెప్పి ఇంటికెళ్లిపోతారు, జెర్రీ ఒక్కడే ఉన్నాడని. వెళ్లండి, నేనేం అనలేదుగా ఎప్పుడూ. కానీ నేనేం రాసుకోవాలి? సాయపడ్డాననా? వద్దన్నది మీరే.”

“మొదటి గురువారం ఎంతమంది వచ్చారో గుర్తుందా?”

“వాండా...”

“ముగ్గురు. ఒకాయన ఫైర్ అలారం మోగిందనుకుని కిందికొచ్చాడు. ఒకామె దారి తప్పి వచ్చింది. మూడో పిల్ల, గైడ్ తిట్టాడని పొద్దుట్నుంచీ తిండి లేకుండా మెట్ల మీద కూర్చుని ఉంటే నేను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. మూడు గిన్నెలు తాగింది.”

“రెండు.”

“మూడు నొయెల్. మూడోది నాది.”

“మీరు ఉద్యోగం మానేస్తున్నారనే అనుకున్నారు డీన్. మీరు దరఖాస్తు పెట్టకపోతే నన్ను పెట్టమన్నారు. నాకూ ఇల్లు నడవాలి కదా.”

“మానేస్తున్నానని ఆయనకెవరు చెప్పారు?”

“మీరే అన్నారు. మార్చిలో, కారులో. ఇక నా వల్ల కాదు, మానేస్తాను అని.”

“జెర్రీని ఆసుపత్రిలో చేర్చి వస్తున్న రోజది. స్టీరింగ్ మీద తల పెట్టి ఏడుస్తూ అన్నాను. నీతో అన్నాను.”

“మాటల్లో వచ్చింది.”

“ఆయన అడిగాడా, నువ్వు చెప్పావా?”

“అదే... మాటల్లో.”

“అడిగాడా, చెప్పావా?”

“చెప్పాను.”

“సరే. మంచినీళ్లు ఇటు జరుపు. నా కళ్లజోడేదీ?”

“మీ తల మీదే ఉంది.”

“ఇప్పుడు టైమెంత?”

“ఒకటిన్నర. ఎందుకు?”

“ఐదింటిదాకా ఉందిగా. పైకెళ్లి దరఖాస్తు పెడతాను. ముందు హాల్వర్సన్‌కి ఫోన్ చేస్తాను. నేను మానెయ్యడం లేదనీ, ఆ బల్ల ఎవరు నెలకొల్పారో, ఆ మెట్ల మీద ఎవరు కూర్చున్నారో, అంతా చెప్తాను. ఆ కాగితంలో రాసింది తప్పని నేనే చెప్తే నమ్మకుండా ఎలా ఉంటాడు?”

“చెయ్యకండి.”

“భయమేస్తోందా?”

“మీ కోసమే చెప్తున్నా. మీరే చులకనవుతారు.”

“నేనా? నేనెందుకవుతాను?”

“దరఖాస్తుతో పాటు సిఫారసు ఒకటి జతచెయ్యమన్నారు, వాండా. పెట్టెలోంచి నా కాగితం తీసుకోగానే, పదింటికే, ఆ ఆకుపచ్చ రాత ఫోటో తీసి డీన్‌కి పంపేశాను. కింద మీ సంతకం ఉందిగా.”