పద్నాలుగో మంచం ఓబులమ్మ వేలిముద్ర

నా పేరు షేక్ సాజియా. తండ్రి నిస్సార్, దర్జీ. వయసు ఇరవై. కర్నూలులో నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతూ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో శిక్షణ పొందుతున్నాను. పద్నాలుగో మంచం ఓబులమ్మ కనిపించడం లేదని ఆమె కొడుకు మహానంది ఇచ్చిన ఫిర్యాదు మీద, ఈరోజు 13-11-2024, బుధవారం, ఎస్.ఐ. గారి ముందు చెబుతున్నాను.

ఓబులమ్మది డోన్ దగ్గరి పల్లె. ఆమెకు క్యాన్సర్. గడ్డ అని మాత్రమే చెప్పమని మహానంది మమ్మల్ని వేడుకున్నాడు. "ఆ జబ్బు పేరు మా ఇంట్లో ఎత్తం. ఇంటే మాయమ్మ బతకదు" అన్నాడు.

నిన్న ఉదయం తొమ్మిదీ పదికి, ఆపరేషన్ కాగితం మీద ఆమె వేలిముద్ర తెమ్మని హెడ్ నర్సు నన్ను పంపింది. కొడుకు సంతకం అప్పటికే ఉంది. చదివి వినిపించకుండా ముద్ర తీసుకోకూడదని మాకు తరగతిలో చెప్పారు. మా నానమ్మ దౌలత్ బీకి ఇదే జబ్బు వస్తే, చివరిదాకా గ్యాస్ నొప్పి అనే చెప్పాం. నేనూ చెప్పాను. అందుకే నిన్న చదివాను. ఒక్క మాటా వదల్లేదు. ఆ మాటనూ వదల్లేదు.

మహానంది టీ ఫ్లాస్కుతో తలుపు దగ్గరే ఉన్నాడని చూసుకోలేదు. అతడు విని, ఏడుస్తూ బయటికి పోయాడు.

ఓబులమ్మ ఏడవలేదు. "నాకు రెండు నెల్లుగా తెలుసు పాపా. నాకు తెలీదనుకోని వాడు ధైర్యంగా ఉండాడు. వాని ధైర్యం పోగొడితివి గదా. చదవమని నేనడిగితినా?" అంది. సిరా డబ్బా తెరిస్తే వేలు వెనక్కి తీసుకుంది. "నాకు పనుండాది. శుక్రవారం నేనే వచ్చి ఏస్తా." ఎక్కడికి పోతుందో చెప్పింది. "వానికి చెప్పాకు. ఈసారన్నా నోరు మూసుకో తల్లీ" అని నవ్వింది.

పన్నెండున్నరకు మంచం ఖాళీ. క్యారియర్ ఉంది, చెప్పులు లేవు. అప్పటినుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. మూడు రోజులు ఆలస్యమైతే ప్రాణానికి ముప్పా అని డాక్టరమ్మను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ లేదన్నారు.

ఇందాక స్టేషన్ మెట్ల మీద మహానంది నన్ను ఆపాడు. "యాడికి పోయిందో చెప్పు పాపా. నిజమే చెప్పల్లని గదా నిన్న చదివితివి!" నేను మెట్లెక్కి లోపలికి వచ్చాను.

తెలుసా అని ఎస్.ఐ. గారు అడిగారు. తెలుసు. చెప్పను. శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఆమె రాకపోతే నేనే వచ్చి చెబుతాను.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. ప్రతి మాటా నిజం. చివర "ఏమీ దాచలేదు" అని ఉంటే, ఆ రెండు మాటలు కొట్టివేయమని అడిగాను. కొట్టివేశాక సంతకం చేశాను.

(సం.) షేక్ సాజియా